మీవాళ్ళు ఏ పక్షం?

పోయిన నెల వ్యాసరచన గంటలో మేడమ్ బోర్డు మీద "సంప్రదాయం – ఆధునికత" అని రాసి, ఒక్కొక్కరినీ రెండు నిమిషాలు మాట్లాడమన్నారు. నా వంతు వచ్చినప్పుడు నేనేదో చెప్పి కూర్చున్నాను. వెనక బెంచీ నుంచి ఒక స్నేహితురాలు అడిగింది: "అది సరేనే, ఇంతకీ మీ కేథలిక్కులు లిబరల్సా, కన్సర్వేటివ్సా? ఒకసారి పేదల పక్షం అంటారు, ఇంకోసారి అబార్షన్ వద్దంటారు. ఏదో ఒకటి తేల్చుకోరాదా?" క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వి "రెండూ" అన్నాను. అది జవాబు కాదు, తప్పించుకోవడం. గంట కొట్టారు కాబట్టి బతికిపోయాను.

నెల రోజులు ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. అందుకే ఈసారి గోడ పత్రికలో నాలుగు కాగితాల చోటు అడిగి తీసుకున్నాను. కవితలు పెట్టాల్సిన చోట నా రాత కనిపిస్తే చెల్లెళ్ళు తిట్టుకోవద్దు.

నిజానికి మా ఇంట్లో ఈ గొడవ కొత్తది కాదు. మా మేనమామ టెక్సస్‌లో ఉంటాడు, పెద్దమ్మ కూతురు షికాగోలో ఉంటుంది. ఇద్దరూ తిరువళ్ళూరు వైపున్న మా ఊరి గుడిలో జ్ఞానస్నానం పొందినవాళ్ళే. ఇద్దరూ ఆదివారం పూజ మానరు. 2024 అమెరికా ఎన్నికలప్పుడు మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపు రణరంగమైపోయింది. "కడుపులో బిడ్డను కాపాడతామనే పార్టీకి తప్ప కేథలిక్ ఇంకెవరికి ఓటేస్తాడు?" అని మామ. "సరిహద్దు దగ్గర తల్లినీ బిడ్డనూ విడదీసినవాళ్ళకు ఎలా వేస్తాడు?" అని అక్క. మామ ఒక బిషప్పు వీడియో పెడితే, అక్క ఇంకో బిషప్పు వీడియో పెట్టేది. ఇకమీదట గ్రూపులో పండగ ఫోటోలు తప్ప ఏమీ పెట్టకూడదని చివరికి మా అమ్మ ఆర్డరు వేసింది. అమెరికా ఓట్ల కోసం ఇక్కడ మా అవ్వ ముందు అన్నం చల్లారిపోయిన రోజులున్నాయి.

ఈ లిబరల్, కన్సర్వేటివ్ అనే రెండు గదులు మన దేశంలో పుట్టినవి కావు. ఇక్కడ అబార్షన్‌కు చట్టం 1971లోనే వచ్చింది, 2021లో దాన్ని సవరించారు. ఆ పేరు చెప్పి మనవాళ్ళు ఎన్నికల్లో పోట్లాడుకోరు. అమెరికాలో అలా కాదు. 1973లో వాళ్ళ సుప్రీంకోర్టు అబార్షన్ హక్కును గుర్తించింది, 2022లో అదే కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ఈ యాభై ఏళ్ళలో ఆ ఒక్క విషయం చుట్టూ రెండు పార్టీలూ గోడలు కట్టుకున్నాయి. అబార్షన్ వద్దనే పార్టీలోనే మరణశిక్ష కావాలనేవాళ్ళు, వలస వచ్చినవాళ్ళను తరిమెయ్యాలనేవాళ్ళు ఎక్కువగా చేరారు. పేదలకు వైద్యం, కూలివాళ్ళకు యూనియన్ కావాలనే పార్టీలో అబార్షన్ హక్కు అనేవాళ్ళు చేరారు. కేథలిక్ శ్రీసభ బోధన మాత్రం ఈ గోడల లెక్క తెలియనట్టుగా ఉంటుంది. కడుపులో బిడ్డను చంపొద్దంటుంది, జైల్లో ఖైదీని ఉరి తీయొద్దంటుంది, కూలివాడికి బతకడానికి సరిపడా జీతం ఇమ్మంటుంది, పరదేశిని చేర్చుకోమంటుంది. ఆ బోధనను మొత్తంగా నమ్మే మనిషికి అక్కడ ఏ పార్టీలోనూ పూర్తిగా చోటు లేదు. దాంతో చాలామంది చేసేదేమిటంటే, పార్టీని ముందు ఎంచుకుని, విశ్వాసాన్ని దాని కొలతకు కత్తిరించుకుంటారు. మా మామా అదే చేశాడు, అక్కా అదే చేసింది. నా అభిప్రాయం ఇదే, వాళ్ళకు కూడా చెప్పాను. ఇద్దరూ రెండు రోజులు మాట్లాడలేదు.

2025లో జరిగిన ఒక సంగతి చూడండి. ఇల్లినాయ్ రాష్ట్రం సెనేటర్ డిక్ డర్బిన్ డెమోక్రాట్, కేథలిక్. వలస వచ్చినవాళ్ళ కోసం చేసిన పనికి గుర్తుగా ఆయనకు జీవితకాల పురస్కారం ఇవ్వాలని షికాగో కార్డినల్ కుపిచ్ గారి మేత్రాసనం అనుకుంది. డర్బిన్ అబార్షన్ హక్కుకు ఓటేసినవాడు. ఆయన సొంత మేత్రాసనం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఆయనకు దివ్యసత్ప్రసాదం ఇవ్వొద్దని ఎప్పటినుంచో నిషేధం ఉంది. ఒక మేత్రాసనం సత్ప్రసాదం ఇవ్వనంటుంది, ఇంకో మేత్రాసనం సన్మానం చేస్తానంటుంది! పలువురు బిషప్పులు అభ్యంతరం చెప్పారు. చివరికి డర్బినే పురస్కారం వద్దనుకున్నాడు. అదే రోజుల్లో కొత్త పోపు పద్నాలుగో లియోను విలేఖరులు దీని గురించి అడిగారు. ఆయన పుట్టింది షికాగోలోనే, పోపు అయిన మొట్టమొదటి అమెరికన్. అబార్షన్‌ను వ్యతిరేకిస్తూ మరణశిక్షను సమర్థించేవాడు నిజంగా ప్రాణం పక్షాన ఉన్నట్టు కాదని ఆయన అన్నారు. వలసదారులను అమానుషంగా చూడటాన్ని ఒప్పుకునేవాడి గురించి కూడా అదే సందేహం వెలిబుచ్చారు. ఆ మాటతో కన్సర్వేటివ్స్‌కు కోపం వచ్చింది. లిబరల్స్ చప్పట్లు కొట్టారు గానీ, ఆ వాక్యంలో మొదటి సగం తమ మీద కూడా పడుతుందని చాలామంది గమనించినట్టు లేదు.

ఆయన చెప్పింది కొత్త సంగతేమీ కాదు. అదే షికాగో కార్డినల్ జోసెఫ్ బెర్నార్డిన్ 1983 డిసెంబరులో ఫోర్డామ్ విశ్వవిద్యాలయంలో ఇచ్చిన ఉపన్యాసంలో ఇదే చెప్పాడు. అణుయుద్ధం, అబార్షన్, మరణశిక్ష, పేదరికం వేరువేరు సమస్యలు అయినా, ప్రాణానికి విలువ ఇవ్వడం అనే ఒకే దారంతో ముడిపడి ఉన్నాయని ఆయన వాదన. దీనికి "కుట్టు లేని అంగీ" అనే పేరు స్థిరపడింది. యోహాను సువార్తలో సిలువ దగ్గర సైనికులు యేసు బట్టలు పంచుకుంటారు. ఆయన అంగీకి మాత్రం ఎక్కడా కుట్టు లేదు, పైనుంచి కిందిదాకా ఒకే నేత. చింపితే ఎవరికీ పనికిరాదని చీట్లు వేసుకుంటారు. ఆ పోలిక చదివినప్పుడు, అమెరికా పార్టీలు ఆ సైనికులపాటి తెలివి కూడా చూపించలేదే అనిపించింది నాకు.

అయితే కార్డినల్ ఉపన్యాసం ఒకటి, బతికి చూపించడం ఒకటి. వెనక బెంచీ స్నేహితురాలికి నేను అసలు చెప్పాల్సింది డొరతీ డే గురించి. లైబ్రరీలో ఆమె మీద పుస్తకం దొరికి మూడు వారాలు నా దగ్గరే పెట్టుకున్నాను. (లైబ్రరీ మేడమ్‌కు జరిమానా కట్టేశాను.)

1897లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో పుట్టిందామె. కుర్రతనంలో సోషలిస్టు పత్రికల్లో విలేఖరిగా పనిచేసింది. 1917లో ఆడవాళ్ళకు ఓటు హక్కు కావాలని వైట్‌హౌస్ ముందు నిలబడి అరెస్టయి, జైల్లో నిరాహార దీక్ష చేసింది. తమాషా ఏమిటంటే, ఓటు కోసం జైలుకు వెళ్ళిన ఆ మనిషి తర్వాత జీవితంలో ఒక్కసారీ ఓటు వెయ్యలేదు. ప్రభుత్వాలు మారితే లోకం మారుతుందనే నమ్మకం ఆమెకు లేకపోయింది. ఆ రోజుల్లో ప్రేమించిన ఒకడి వల్ల గర్భం వస్తే అబార్షన్ చేయించుకుంది. అది ఆమెను జీవితాంతం బాధపెట్టింది. కొన్నేళ్ళకు ఇంకొకరితో పెళ్ళి లేకుండానే కాపురం చేస్తున్నప్పుడు, 1926లో కూతురు పుట్టింది. ఆ ఆనందమే తనను దేవుడి వైపు తిప్పిందని ఆమె రాసుకుంది. ఆ మనిషికి దేవుడన్నా పెళ్ళన్నా పడదు. బిడ్డకు జ్ఞానస్నానం ఇప్పించి, 1927 డిసెంబరులో తానూ కేథలిక్ అయింది. దాంతో ఆ కాపురం ముగిసింది. పాత కమ్యూనిస్టు స్నేహితులకు ఆమె వెనకడుగు వేసినట్టు కనిపించింది, కొత్త కేథలిక్ సమాజానికి ఆమె పాతకాలం కమ్యూనిస్టుగానే కనిపించింది.

1933 మే 1న, అమెరికాలో ఉద్యోగాలు లేక జనం అల్లాడుతున్న రోజుల్లో, పీటర్ మోరిన్ అనే ఫ్రెంచి పెద్దాయనతో కలిసి "కేథలిక్ వర్కర్" అనే పత్రిక మొదలుపెట్టింది. న్యూయార్క్ యూనియన్ స్క్వేర్‌లో కార్మికుల ఊరేగింపులో నిలబడి కాపీ ఒక సెంటుకు అమ్మారు. ఆ పత్రిక ఇప్పటికీ అదే ధరకు వస్తోంది. పేదలకు ఆతిథ్యం ఇవ్వాలని అందులో రాస్తే, జనం నిజంగానే వచ్చి తలుపు తట్టారు. అలా మొదలైన ఆతిథ్య గృహాలు, అంటే ఎవరొచ్చినా కాఫీ, రొట్టె, పడుకోవడానికి మంచం ఇచ్చే ఇళ్ళు, ఇప్పటికీ నూటికి పైగా నడుస్తున్నాయి. పేదల మధ్య పేదగా బతికింది. యుద్ధం వద్దంది. 1936లో స్పెయిన్ అంతర్యుద్ధంలో అమెరికా కేథలిక్కుల్లో ఎక్కువమంది ఫ్రాంకో వైపు ఉంటే, తాను ఏ వైపూ ఉండనంది. రెండో ప్రపంచయుద్ధంలో కూడా అదే మాట అంది. పత్రిక చదివేవాళ్ళు కుప్పలుగా తగ్గిపోయారు, ఆతిథ్య గృహాలు చాలా మూతపడ్డాయి. హిట్లర్ మీద యుద్ధం కూడా వద్దన్న ఆమెతో నేను ఏకీభవించలేను. కానీ చందాదారులు పోతారని తెలిసీ మాట మార్చుకోని పత్రికను ఎన్నిసార్లు చూశాం?

ఇంతవరకు విని, "అయితే ఆమె లిబరలే" అంటారు మీరు. కొంచెం ఆగండి. ఆమె రోజూ పూజకు వెళ్ళేది, రోజూ జపమాల చెప్పేది, తరచుగా పాపసంకీర్తనం చేసుకునేది. అబార్షన్ మీద, పెళ్ళి మీద శ్రీసభ బోధనలో ఒక్క అక్షరం మార్చమని ఆమె అడగలేదు. 1960లలో తన చుట్టూ చేరిన యువతరం స్వేచ్ఛ పేరుతో చేసేవి ఆమెకు గిట్టేవి కావు. ఒకసారి ఒక ఫాదర్ ఆతిథ్య గృహంలో కాఫీ కప్పునే పూజాపాత్రగా పెట్టి పూజ చేశాడట. పూజ అయ్యాక ఆమె ఆ కప్పును తీసుకెళ్ళి మట్టిలో పాతిపెట్టిందని చెప్పుకుంటారు, అందులో మళ్ళీ ఎవరూ కాఫీ తాగకూడదని. మా అవ్వ వింటే "భేష్" అనేది.

నాకు బాగా నచ్చింది వడ్డీ కథ. 1960లో న్యూయార్క్ నగరం వాళ్ళ ఇల్లొకటి స్వాధీనం చేసుకుని ధర చెల్లించింది. చెల్లింపు ఆలస్యమైనందుకు పైన మూడున్నర వేల డాలర్ల చిల్లర వడ్డీ కలిపింది. డొరతీ డే ఆ వడ్డీని నగరానికి వాపసు పంపింది. ఎందుకంటే వడ్డీ తీసుకోవడం పాపమని శ్రీసభ పాతకాలపు బోధన. వందల ఏళ్ళ కిందటి ఆ బోధనను అప్పటికి బిషప్పులు కూడా పట్టించుకోవడం మానేశారు. ఇది ఏ పక్షం చెప్పండి? మధ్యయుగాల నాటి సిద్ధాంతాన్ని పట్టుకోవడం కన్సర్వేటివా? బ్యాంకుల లోకానికి ఎదురు తిరగడం లిబరలా? నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీ వ్యాపారం చేస్తూ శుక్రవారం ఉపవాసం ఉండే పెద్దలు మా ఊళ్ళో ఉన్నారు. సంప్రదాయమంటే వాళ్ళు ఎంచుకున్న సంప్రదాయమే. 1972లో పన్నుల శాఖ దాదాపు మూడు లక్షల డాలర్లు కట్టమన్నప్పుడు, ధర్మసంస్థగా రిజిస్టరు చేయించుకుంటే పోయేదానికి ఆమె ఒప్పుకోలేదు. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టడానికి ప్రభుత్వం దగ్గర అనుమతి చీటీ ఎందుకని ఆమె వాదన. చివరికి పన్నుల శాఖే ఆ డిమాండును వదిలేసింది.

ఇక నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణమైన కథ. 1949లో న్యూయార్క్ క్వీన్స్‌లోని కాల్వరీ స్మశానంలో గోతులు తవ్వే కూలీలు సమ్మె చేశారు. అది శ్రీసభ స్మశానం. కూలీలు రెండు వందల పైచిలుకు, దాదాపు అందరూ కేథలిక్కులే. వారానికి ఆరు రోజుల పనికి ఇచ్చే జీతం అయిదు రోజులకే కావాలన్నారు. న్యూయార్క్ కార్డినల్ స్పెల్‌మన్ అమెరికాలో అందరికంటే పలుకుబడి ఉన్న బిషప్పు. ఇది కమ్యూనిస్టుల పని అన్నాడాయన. పూడ్చకుండా శవపేటికలు వెయ్యి దాటిపోయాయి. అప్పుడాయన సెమినరీలో ఫాదర్లు కావడానికి చదువుకుంటున్న కుర్రాళ్ళను బస్సుల్లో తీసుకొచ్చి గోతులు తవ్వించాడు, తానే దగ్గరుండి నడిపించాడు. కూలీలు తాము కమ్యూనిస్టులం కాదని ప్రమాణం చేసి, యూనియన్ కూడా మార్చుకున్నారు. అయినా ఆయన మెత్తబడలేదు. చివరికి జీతం కొంచెం పెరిగింది గానీ, అడిగిన అయిదు రోజుల వారం దొరకలేదు.

డొరతీ డే, ఆమె మనుషులు కూలీల పక్కన నిలబడ్డారు, వాళ్ళ కుటుంబాలకు సాయం చేశారు. ఆమె కార్డినల్‌కు ఉత్తరం రాసింది. మీరు బలవంతులు, వాళ్ళు బీదవాళ్ళు, మీరే వాళ్ళ దగ్గరికి వెళ్ళండి అని దాని సారాంశం. తిట్టలేదు, బెదిరించలేదు. ఒక కూతురు తండ్రికి రాసినట్టు ఉంటుంది. రెండేళ్ళకు మేత్రాసనం కార్యాలయం ఆమెను పిలిచి పత్రిక పేరులో "కేథలిక్" అనే మాట తీసేయమంది. ఆమె మర్యాదగానే జవాబిచ్చింది, పేరు మాత్రం తీయలేదు. అలాగని శ్రీసభను వదిలి పోనూ లేదు. మరుసటి రోజు పొద్దున పూజకు ఎప్పటిలాగే వెళ్ళి ఉంటుంది.

మన లిబరల్ స్నేహితులైతే, "ఇంత జరిగాక ఇంకా ఆ గుడిలో ఎందుకుండాలి, బయటికి వచ్చేయొచ్చు కదా" అంటారు. కన్సర్వేటివ్ పెద్దలైతే, "కార్డినల్‌కే ఎదురు ఉత్తరం రాస్తే విధేయత ఏముంది" అంటారు. ఆమె చేసింది ఈ రెండూ కాదు. ఇల్లు నాది కాబట్టే కప్పు కారుతోందని అంటున్నాను అన్నట్టు ఉంది ఆమె తీరు. 2000లో ఆమెను పునీతురాలిగా ప్రకటించే ప్రక్రియ మొదలైంది. దానికి పూనుకున్నది అప్పటి న్యూయార్క్ కార్డినల్ ఓకానర్, అబార్షన్ విషయంలో అందరికంటే గట్టిగా మాట్లాడిన కన్సర్వేటివ్. 2015లో అమెరికా కాంగ్రెసులో మాట్లాడుతూ పోపు ఫ్రాన్సిస్ పేరు పెట్టి చెప్పిన నలుగురు అమెరికన్లలో ఆమె ఒకరు. ఇప్పుడు రెండు పక్షాలూ ఆమెను మావాళ్ళంటే మావాళ్ళంటున్నాయి. ఒకరు ఆమె జపమాల ఫోటో పెడతారు, ఇంకొకరు ఆమె అరెస్టయిన ఫోటో పెడతారు. మళ్ళీ కత్తెరే!

ఇక్కడ నాకు ఎదురయ్యే ప్రశ్నను దాటేయలేను. రూమ్‌మేట్ ఈ చిత్తుప్రతి చదివి అంది: "రెండు పక్షాలకూ అతీతంగా ఉండటం సుఖమైన చోటు కదూ? ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. అదీగాక, అబార్షన్ వద్దనే రూలు పెట్టేవాళ్ళందరూ మగవాళ్ళే. దాని బరువు మోసేది ఆడవాళ్ళు." రెండో మాట నాకు గుచ్చుకుంది. నిజమే. పూజ చేసేదీ, బోధన రాసేదీ మగవాళ్ళే. నేను శ్రీసభ బోధనను నమ్ముతాను, కడుపులో ఉన్నది ప్రాణమే అనుకుంటాను. కానీ ఒంటరిగా, డబ్బు లేక, ఇంట్లో చెప్పుకోలేక ఆసుపత్రి వరండాలో కూర్చున్న అమ్మాయికి ఏం చేశామని అడగకుండా ఆ బోధనను ఆమె మీద విసిరేసేవాళ్ళ పక్కన నేను నిలబడలేను. డొరతీ డే అబార్షన్ తప్పంది, చేయించుకున్న అమ్మాయిలను మాత్రం వాకిట్లోంచి పంపలేదు. ఆమె కూడా ఒకప్పుడు ఆ అమ్మాయే. ఇంతకంటే తేట జవాబు నా దగ్గర లేదు. ఉన్నట్టు నటించను.

మొదటి మాటకు, అంటే అది సుఖమైన చోటు అన్నదానికి, మాత్రం జవాబుంది. ఆ జవాబు అమెరికాలో లేదు, మా ఊళ్ళో ఉంది.

మా పూర్వీకులు ఆంధ్ర వైపు నుంచి కేథలిక్కులుగానే వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. తరాలు గడిచినా ఇంట్లో తెలుగే, జపమాల తెలుగులోనే, పెళ్ళి పాటలు తెలుగులోనే. ఈ డిపార్ట్‌మెంట్‌లో చేరేటప్పుడు ఇంటర్వ్యూలో నేను గొప్పగా చెప్పుకున్న సంగతి అదే. చెప్పని సంగతి ఒకటుంది. మా ఊరి గుడికి ఒకే తలుపు, కానీ స్మశానానికి రెండు. మధ్యలో నడుమెత్తు గోడ. ఇవతల మా వీధివాళ్ళు, అవతల కాలనీలోని దళిత కేథలిక్కులు. వాళ్ళు తమిళం మాట్లాడతారు. అడిగితే మా పెద్దలు కులం పేరు ఎత్తరు. "వాళ్ళది తమిళ పూజ, మనది తెలుగు పూజ. అంతే" అంటారు. మనం కాపాడుకున్నామని మురిసిపోయే తెలుగును ఆ గోడకు సున్నంలా వాడుకున్నారు. ఈ మాట తెలుగు డిపార్ట్‌మెంట్ గోడ మీద రాయడానికి నాకు చాలా కష్టంగా ఉంది.

ఇది నేను కనిపెట్టిన పాపం కాదు. 2003లో పోపు రెండో జాన్ పాల్ తమిళనాడు బిషప్పులతో కులవివక్షను ఎదిరించమని సూటిగా చెప్పారు. 2016లో భారత కేథలిక్ బిషప్పుల సమాఖ్య దళిత సాధికారత విధానం ప్రకటిస్తూ శ్రీసభ లోపలే అంటరానితనం ఉందని ఒప్పుకుంది. 2022లో హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల అంతోని గారు కార్డినల్ అయ్యారు. కార్డినల్ అయిన మొదటి దళితుడు ఆయనే, మొదటి తెలుగువాడూ ఆయనే. ఆ రోజు మా వీధిలో తెలుగువాడని స్వీట్లు పంచారు. కాలనీలో దళితుడని పటాకులు కాల్చారు. గోడ మాత్రం అలాగే ఉంది. బయట చూస్తే, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవుడైన దళితుడికి షెడ్యూల్డ్ కులాల హోదా లేదు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఇచ్చారు, క్రైస్తవులకు ఇప్పటిదాకా ఇవ్వలేదు. అంటే అవతలి వైపు వాళ్ళకు గుడి బయట దళిత హోదా లేదు, గుడి లోపల అదొక్కటే ఉంది.

ఇప్పుడు ఆ ప్రశ్న మళ్ళీ అడగండి. గోడ తీసేయాలనడం లిబరలా? శ్రీసభ బోధనను అక్షరాలా పాటించమంటున్నాను కాబట్టి నేను కన్సర్వేటివ్‌ను కూడా. టెక్సస్ మామ అబార్షన్‌కు ఓటేసినవాడికి సత్ప్రసాదం ఇవ్వకూడదంటాడు. గోడ కట్టినవాళ్ళకు మా ఊళ్ళో ఎవరూ ఏనాడూ సత్ప్రసాదం ఆపలేదు. షికాగో అక్క వలసదారుల హక్కుల కోసం ఊరేగింపులకు వెళ్తుంది. గోడ సంగతి ఎత్తితే "అవ్వ బతికున్నంతకాలం ఆ విషయం వదిలేయవే" అంది. గ్రూపులో మొట్టమొదటిసారి మామ దానికి బొటనవేలు గుర్తు పెట్టాడు. సముద్రానికి అవతల బద్ధశత్రువులైన ఇద్దరూ స్మశానం గోడ దగ్గర ఒకటైపోయారు.

నేను సుఖమైన చోట లేనని రూమ్‌మేట్‌కు ఇలా అర్థమైంది.

సెలవులకు వెళ్ళినప్పుడు డొరతీ డే ఉత్తరాన్ని మనసులో పెట్టుకుని మా విచారణ గురువుగారికి ఒక ఉత్తరం రాశాను, తిట్టకుండా. ముందు తెలుగులో రాసి, తర్వాత తమిళంలో కూడా రాశాను. తమిళంలో తప్పులు కాలనీలోని మా స్కూలు స్నేహితురాలు దిద్దింది. పదకొండు సంతకాలు వచ్చాయి: ఇవతలి నుంచి నాలుగు, అవతలి నుంచి ఏడు. నాలుగింటిలో ఒకటి మా నాన్నది. రెండు రోజులు పెన్ను పట్టుకోలేదాయన, మూడో రోజు భోజనం అయ్యాక అడిగి తీసుకుని పెట్టాడు. అవ్వను నేను అడగలేదు. ఆవిడే అడిగింది, ఆ కాగితంలో ఏముందని. చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మీ తాత గోడ పక్కనే ఉన్నాడు గదా, కూలగొట్టేటప్పుడు ఆయన మీద రాళ్ళు పడకుండా చూడండి" అంది.

గురువుగారు ఉత్తరం తీసుకున్నారు. విచారణ సంఘంలో పెడతానన్నారు. ఇంకా పెట్టలేదు. నవంబరు 2న ఆత్మల పండుగకు అందరం స్మశానానికి వెళ్తాం. అప్పుడు మళ్ళీ అడుగుతాను.

— తృతీయ సంవత్సరం విద్యార్థిని